మార్గశిర లక్ష్మీవారం అలికిన గోడ

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. ఆ పీట ఇటు లాక్కోండి. చేతిలో చాటో కుట్టుపనో ఉంటే కానివ్వండి, చెవి మాత్రం నాకివ్వండి. మేం జంషెడ్‌పూర్‌లో ఉన్న రోజుల్లో, డెబ్భైల చివర్లో, ఒక చలికాలం జరిగిన సంగతి ఇది. ఒక గోడ సంగతి. ఆ గోడను కట్టినవాళ్ళెవరూ లేరు. నేలను నిలువునా కోస్తే మిగిలిన మట్టిముఖం అది. దాన్ని చూసి ఒకతను కాగితం మీద బొమ్మ గియ్యాలి. ఆ బొమ్మ సరిగ్గా వస్తే అతని ఉద్యోగం నిలుస్తుంది, రాకపోతే పోతుంది. అది తెలిసి కూడా మేం ఆ గోడను అలికేశాం.

అక్కడికి ఎలా వెళ్ళామో ముందు చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు. మా ఆయనా, మా బావగారూ కార్ఖానాలో ఠేకేదారు కింద, అంటే కంట్రాక్టరు కింద, పనిచేసేవారు. రెండు కాపురాలూ బారిడీహ్ బస్తీలో పక్కపక్కనే. మట్టిగోడలు, పెంకుల కప్పు. బావగారి భార్య, అంటే నా తోటికోడలు, నాకంటే పదేళ్ళు పెద్దది. నేను ఆమెను అప్పా అని పిలిచేదాన్ని. మేమిద్దరం ఇళ్ళు కట్టేచోట మట్టి మొయ్యడానికి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు దసరా పోయాక మావైపు మేస్త్రీ ఒకాయన బస్తీకి వచ్చి, నది ఒడ్డున మట్టిపని ఉంది, ఆడవాళ్ళు కావాలి, చెయ్యి తేలిగ్గా ఉన్నవాళ్ళు కావాలి అన్నాడు.

"మట్టిపనికి సెయ్యి తేలికేటి, బరువేటి?" అంది అప్ప.

"నాకూ తెల్దమ్మా. సర్కారీ పని. వత్తే రండి, నేకపోతే భాలుబాసా ఎల్లి అడుగుతాను."

భాలుబాసా పేరు ఎత్తేసరికి అప్ప కొంగు బిగించింది. మన బస్తీకి వచ్చిన పని ఇంకో బస్తీకి పోవడం ఆమెకు కిట్టేది కాదు.

బారిడీహ్ దాటి సువర్ణరేఖ వైపు నడిస్తే పొలాల మధ్య మేకలు మేసే దిబ్బ ఒకటి ఉండేది. దాని మీద మేకులు కొట్టి, తాళ్ళు లాగి, గళ్ళు గళ్ళుగా విడదీశారు. ఒక్కో గడిలో ఒక్కో గుంట. ఇనుమంటే ఏమిటో ఎరగని మనుషులు ఒకప్పుడు అక్కడ కాపురాలు చేశారట. రాళ్ళతోనే కొయ్యడం, రాళ్ళతోనే చెక్కడం. ఆ దిబ్బ మీద నుంచి చూస్తే పడమటి ఆకాశంలో కార్ఖానా పొగ కనిపించేది. మా మగవాళ్ళు ఆ పొగ కింద ఇనుము కరిగిస్తుంటే, మేం ఇక్కడ ఇనుము లేని కాలాన్ని గమేళాల్లో ఎత్తుతున్నాం.

ఎత్తడం కూడా అలాంటిలాంటి ఎత్తడం కాదు. గునపం వెయ్యకూడదు. చిన్న తాపీ చేతికిచ్చి, గొంతుక్కూర్చుని, నేలను పొరపొరగా గీకమన్నారు. గీకిన మట్టిని జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలిన పెంకులూ రాతిముక్కలూ సంచీలో వెయ్యాలి.

"ఇలగ గీక్కుంటా ఎల్తే మన మనవరాళ్ళొచ్చి ముగించాల" అంది అప్ప మొదటిరోజు.

మా గుంటకు రాతపని చేసే అబ్బాయి ఆ మాట విని నవ్వాడు. అప్పుడు తెలిసింది అతనికి తెలుగు వచ్చని. బరంపురం వైపు వాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పాతికేళ్ళుంటాయి. సైకిల్ మీద వచ్చేవాడు, వెనక చెక్కపలక కట్టుకుని. పిన్నీ అనడానికి బదులు వాళ్ళవైపు అలవాటు ప్రకారం మమ్మల్ని మావుసీ అని పిలిచేవాడు. తవ్వడం అతని పని కాదు. తవ్వినప్పుడు బయటపడిన మట్టి ఏ రంగు, ఎంత మందం, దేని మీద ఏది ఉంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఇవన్నీ రాసుకోవడం, గళ్ళకాగితం మీద కొలతకు గియ్యడం అతని పని.

నాకు అది మొదట వింతగా ఉండేది. మట్టిని రాసుకోవడమేమిటి? ఒకరోజు అడిగేశాను.

"మట్టిలో ఏటున్నాది బాబూ రాయడానికి?"

అతను గుంట గోడ దగ్గరకు పిలిచాడు. "కిందిది ముందు పడింది మావుసీ. పైది తర్వాత పడింది. ఏది కిందో ఏది మీదో తెలిస్తే, ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. మనం తవ్వగానే ఆ వరస పోతుంది. మళ్ళీ రాదు. అందుకే కాగితం మీద ఉంచాలి."

అది నాకు వెంటనే పట్టింది. మా ఇంట్లో సున్నం పెచ్చు ఊడినచోట కింద పాత నీలం కనిపించేది, ఆ నీలం కింద ఇంకా పాత పసుపు. మాకంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నీలం వేయించారు, వాళ్ళకంటే ముందువాళ్ళు పసుపు. అంతే కదా అన్నాను. అంతే అన్నాడు.

అప్పట్నుంచి నేను గీకేటప్పుడు రంగు చూడడం మొదలుపెట్టాను. మట్టి మారుతుంటే తాపీ చప్పుడు మారుతుంది. చేతికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. అతని దగ్గర రంగుల పుస్తకం ఒకటుండేది, చీర కొట్లో అంచుముక్కలు అతికించిన పుస్తకంలాగ. మట్టిని అందులో రంగుల పక్కన పెట్టి నంబరు రాసుకునేవాడు. మాకు ఆ నంబర్లు పట్టేవి కావు. మేం మా పేర్లు పెట్టుకున్నాం. గడ్డివేళ్ళు ఉన్న పైమట్టి కింద చోడి అంబలి, అంటే రాగిజావ, రంగు పొర, దాని కింద వరద తెచ్చిపోసిన తెల్లటి ఒండ్రు, ఆ కింద మాడిన బెల్లం. కొన్నాళ్ళకు అతనూ, "మావుసీ, మాడిన బెల్లం వచ్చిందా?" అని పైనుంచి అడిగేవాడు. ఇంకా రాలేదు బాబూ, అంబలిలోనే ఉన్నాం అనేవాళ్ళం.

మాడిన బెల్లం కింద ఇల్లు దొరికింది. ఇల్లంటే గోడలూ కప్పూ కాదు. గట్టిగా కొట్టిన పసుపు నేల, ఆ నేలలో వరసగా గుండ్రటి నల్లమచ్చలు. కర్రగుంజలు పాతిన గుంతలు అవి. కర్ర ఎప్పుడో కుళ్ళిపోయింది, దాని చోట్లోకి దిగిన మట్టి మాత్రం రంగు మార్చుకుని అలాగే నిలబడింది. అతను ఒక్కో మచ్చ చుట్టూ మేకుతో గీత గీసి, కొలిచి, రాసుకున్నాడు. ఆ నేలలోనే, పడమటి గోడ మొదట్లో, గిన్నెలాగ తవ్వి చేసిన పొయ్యి. సగం మా గుంటలోకి వచ్చింది, సగం గోడలోనే ఉండిపోయింది. గుంటలోకి వచ్చిన సగంలో బూడిద మేం తీసేశాం. మిగిలిన సగం గోడ మీద అరచంద్రాకారంగా కనిపించేది. లోపల బూడిద, బూడిదకు అడుగున కాలి ఎర్రబడిన మట్టి. మూరెడు వెడల్పు.

గుంటంతట్లోకీ అదే ముఖ్యమన్నాడతను. ఎందుకో మధ్యాహ్నం తిండి దగ్గర చెప్పాడు. మేం చద్దన్నం, అతను అటుకులు. మొదటి గుంటలో అతను ఒక తప్పు చేశాడట. రెండు పొరల్ని కలిపేసి ఒకటిగా గీశాడు. పైనుంచి పెద్దసారు వచ్చి చూసి అక్కడికక్కడే పట్టుకున్నారు.

"ఇంకొక్క గోడ ఇస్తాను, అది సరిగ్గా గీస్తే వచ్చే చోటికి నాతో వస్తావు, లేకపోతే సామాను సర్దుకో అన్నారు మావుసీ. ఇదే ఆ గోడ."

"పోతే ఏటవుద్ది? మీ ఊర్లో మరో పని దొరకదేటి?" అంది అప్ప.

"రెండేళ్ళు చూశాను. ఇది దొరికాకే మా అమ్మ ఇంకొకరింట్లో వంట మానేసింది" అన్నాడు. అటుకులు కట్టిన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

బుధవారం సాయంత్రానికి గోడ సిద్ధమైంది. మేం పైనుంచి కిందకు గీకి నున్నగా చేశాం. అతను రసమట్టం పెట్టి గోడ మధ్యలో అడ్డంగా తాడు బిగించాడు. పైకైనా కిందకైనా కొలత ఆ తాడు నుంచే. ప్రతి పొర మీదా అంకె రాసిన కాగితం ముక్క మేకుతో గుచ్చాడు. పొద్దు కుంకుతోంది. చలికాలం కదా, అయిదింటికే వెలుగు పోయేది. పెద్దసారు మర్నాడు మధ్యాహ్నం వస్తారు, ఫోటో తీసే మనిషి కూడా ఆయనతోనే వస్తాడు. తను పొద్దున్నే వచ్చి నాలుగైదు గంటల్లో గీసేస్తానని చెప్పి, అబ్బాయి పైన తార్పాలిన్ కప్పించి వెళ్ళిపోయాడు.

మర్నాడు మార్గశిర లక్ష్మీవారం.

మావైపు ఆ నెలలో లక్ష్మీవారాలకు ఎంత పట్టింపో తెలిసినవాళ్ళకు తెలుసు. తెల్లారేసరికి ఇల్లు అలికి, పొయ్యి అలికి, వరిపిండితో ముగ్గు పెట్టి, గుమ్మం నుంచి పొయ్యి దాకా లక్ష్మీపాదాలు దిద్దాలి. అలకని పొయ్యి ఉన్న ఇంట్లోకి ఆ తల్లి అడుగు పెట్టదంటారు. బుధవారం ఇంటికి నడుస్తుండగా అప్ప ఉన్నట్టుండి ఆగింది.

"ఒలే, మన పొయ్యిలు అలుకుతాం, మరి ఆ పొయ్యో?"

"ఏ పొయ్యి?"

"ఆ గుంటలోది. ఇన్నాళ్ళూ మట్టి కప్పుకుని దాని మానాన అదున్నాది. మనమే తవ్వి బైటికి తీసినాం. తీసి, లక్ష్మీవారం పూట బోడిగా ఒగ్గీత్తామా? ఎవుర్తో అక్కడ వండుకున్నాది. పిల్లలకి పెట్టుకున్నాది. ఆ పొయ్యికి మనం తప్ప దిక్కెవులు?"

మాతో ఉన్న మరో ఇద్దరు ఆడవాళ్ళూ నిజమే అన్నారు. పెద్దసారు కూడా వస్తున్నారు, శుభ్రంగా ఉంటే అబ్బాయికే పేరు అని ఒకామె అంది. నాకూ అలాగే తోచింది. అతను ఆ గోడ బొమ్మ గియ్యాలన్న సంగతి నాకు గుర్తు లేక కాదు. గుర్తుంది. అతనికి కావలసింది పొయ్యి బాగుండడమే కదా అనుకున్నాను. శుభ్రం చెయ్యడమంటే మాకు అలకడమే. వేరే అర్థం మాకు తెలియదు.

తెల్లవారుజామున మా ఇళ్ళు అలుక్కుని, వెలుతురు వచ్చేసరికి బకెట్లతో దిబ్బ మీదకు చేరాం. కాపలాదారు మమ్మల్ని చూసి పనికి బేగి వచ్చారనుకుని చలిమంట వైపు తిరిగి కూర్చున్నాడు. ఎర్రమట్టి, పేడ, కాస్త గంజి. మా నలుగురిలో అలుకు చెయ్యి నాదే. పొయ్యి గిన్నె లోపల అలికాను. చుట్టూ నేల అలికాను. అక్కడితో లేవబోతే అప్ప ఒప్పుకోలేదు.

"పొయ్యెనక గోడ ఒగ్గీసి లేత్తావేటి? మొకం కడుక్కుని మెడ ఒగ్గీసినట్టుంటాది."

గోడకు గుచ్చిన కాగితాల్లో నాలుగు, అయిదు, ఆరు అంకెలున్నవి తడిసిపోతాయని జాగ్రత్తగా తీసి, ఒక విస్తరాకులో పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టాను. నేల నుంచి మూరెడు ఎత్తు దాకా, పొయ్యి వెనక, చెయ్యి వంపు తిరిగేలా అలుకు వేశాను. బాగా వచ్చింది. అప్ప ముగ్గు పెట్టి పాదాలు దిద్దింది. ఒకామె రెండు బంతిపూలు తెచ్చింది, అవీ పెట్టాం.

అతను ఏడున్నరకు వచ్చాడు. తార్పాలిన్ ఎత్తి కిందకు చూశాడు. మెట్ల మీద సగం దిగి అక్కడే కూర్చుండిపోయాడు.

"ఎవరు అలికారు?" అన్నాడు చివరికి.

"మేమే బాబూ. లక్ష్మీవారం కదేటి" అంది అప్ప.

"మా అమ్మ కూడా ఈపాటికి అలికే ఉంటుంది. ఒడియావాళ్ళు మాణబసా అంటారు. మాకూ ఉంది ఈ పూజ" అన్నాడు. తర్వాత చేతిలో పలక మెట్టు మీద పెట్టాడు. "నేను గియ్యాల్సింది దాని వెనకే ఉంది మావుసీ."

అప్పుడు గాని మాకు తలకెక్కలేదు. నేల మీద పాదాలు, గోడ మీద నా అలుకు, ఆ అలుకు వెనక అతని ఉద్యోగం. అప్ప ముఖం చిన్నబోయింది. ఒకామె బకెట్లో నీళ్ళు అందుకుని కడిగేస్తానని లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నీల్లేత్తే అంతా కలిసిపోద్ది. ఆగు" అన్నాను. అతనితో చెప్పాను. "బాబూ, నాను గోడ తడపకుండా అలికినాను. పొడి మట్టి మీద అలుకు నిలవదు. ఎండ తగిల్తే పెచ్చులుగా లేచిపోద్ది. పైన కప్పు తీయించు."

"ఎంతసేపు?"

"పది దాటాల."

అతను ఆలోచించి తార్పాలిన్ పూర్తిగా తీయించాడు. అలుకు లేని పైభాగం గియ్యడం మొదలుపెట్టాడు. మేం గుంట అంచున కూర్చుని గోడను చూస్తూ ఉన్నాం. పని చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. ఎండ వాలుగా దిగి గోడ మీదకు వచ్చింది. అలుకు రంగు తేలిపోతూ, అంచులు వంగుతూ, సన్నగా బీటలిచ్చింది. పదిన్నరకు దిగి గోరుతో ఒక అంచు ఎత్తాను. అప్పడంలాగ లేచి చేతిలోకి వచ్చింది. కింద పసుపు మట్టి మచ్చ పడకుండా ఉంది. అతను మొదటిసారి ఊపిరి వదలడం విన్నాను.

గోడ మీద చాలామటుకు అలాగే వచ్చింది. అరచంద్రం దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. బూడిదకు పట్టు లేదు. పెచ్చు లాగితే బూడిద దానితోపాటు జారిపోయింది. కాలిన ఎర్రమట్టి పైభాగం కూడా కొంత రాలింది. గోడలోంచి బయటికి కనిపిస్తూ ఉండిన కుండ అంచు పెంకొకటి ముక్కగా విరిగి నా ఒళ్ళో పడింది. గోడ మీద మూరెడు వెడల్పు గొయ్యి మిగిలింది. లోపల అంతా కలిసిపోయి ఒకే బూడిదరంగు.

"ఇంకొంచెం లోపలికి కోసి చూడు బాబూ" అన్నాను.

"పెద్దసారు చెప్పకుండా గోడ వెనక్కి కొయ్యకూడదు. అది నియమం." తాపీ కింద పెట్టేశాడు. నా వైపు తిరిగి అడిగాడు. "నీకు గుర్తుందా మావుసీ? నిన్న గీకింది నువ్వే కదా."

గుర్తుంది. కళ్ళు మూసుకుని చెప్పాను. తాడు నుంచి కిందకు జానా బెత్తెడు దిగితే బూడిద మొదలు. నడుమ నాలుగు వేళ్ళ మందం, అటూ ఇటూ తగ్గుతూ పోతుంది. ఎడమవైపు కోడిగుడ్డంత రాళ్ళు రెండు, ఒకదాన్నొకటి ఆనుకుని. బూడిద కింద రెండు వేళ్ళు కాలిన మట్టి. ఆ కాలిన మట్టి అడుగున, కుడివైపు, కుండ అంచు. అతను నా జానా, నా వేళ్ళూ స్కేలుతో కొలుచుకుని కాగితం మీద పెట్టాడు. చూస్తే, మిగతా పొరలన్నీ గీతలతో ఉన్నాయి, ఆ అరచంద్రం ఒక్కటీ చుక్కలతో ఉంది.

"ఇదేటి ముగ్గుచుక్కల్లాగ?" అంది అప్ప. "గీత గీసీ బాబూ. వచ్చినాయనకేటి తెలుసు? ఎవులు సూసొచ్చినారు?"

"నేను చూసింది గీత. చెప్పగా విన్నది చుక్కలు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "నాను అబద్దం సెప్తానా? నా మాట నమ్మవేటి?"

"నమ్ముతాను మావుసీ. కానీ నిన్న మసకలో అంకెలు గుచ్చానే గాని, ఏది ఎక్కడుందో నేను కొలిచి చూళ్ళేదు."

"చుక్కలు సూత్తే ఆయన అడుగుతాడు. అడిగితే మేం అలికీసినామని సెప్పాల. సెప్తే నీ పని పోద్ది" అంది అప్ప.

"పోవచ్చు" అన్నాడు. పెన్సిలు చెక్కుకున్నాడు. నాకు కోపంగానే ఉంది. నా చేతులతో గీకినదాన్ని, నా కళ్ళతో చూసినదాన్ని చుక్కలు చేశాడు. పని అతనిది, పోగొట్టింది మేం, అయినా కోపం నాకు వచ్చింది. అలా ఉంటాయి మనుషుల బుద్ధులు.

మూడింటికి జీపు వచ్చింది. పెద్దసారు పొడుగ్గా, పెద్దగా మాటలు లేని మనిషి. హిందీలోనే మాట్లాడేవారు. గుంటలోకి దిగుతూ ముగ్గు చూసి, దాన్ని తొక్కకుండా పక్కనుంచి అడుగు వేశారు. కాగితం అందుకుని గోడ ముందు నిలబడ్డారు. ఒకసారి కాగితం, ఒకసారి గోడ. వేలు తెచ్చి చుక్కల మీద పెట్టారు.

"ఇదేమిటి?"

అబ్బాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉదయం గోడ అలికి ఉందని, ఎండలో పెచ్చులు తీశామని, ఇక్కడ ముఖం రాలిపోయిందని, ఈ మావుసీ చెప్పిన గుర్తును బట్టి చుక్కలు పెట్టానని. మా మీద ఒక్క మాట విసరలేదు. తన తప్పు కాదనీ అనలేదు. "కాపలాదారుకు చెప్పి వెళ్ళాల్సింది, చెప్పలేదు" అన్నాడు.

పెద్దసారు నా వైపు తిరిగారు. "అపనీ ఆంఖోఁ సే దేఖా?" అన్నారు, నీ కళ్ళతో నువ్వే చూశావా అని.

"దేఖా సాబ్" అన్నాను.

"పక్కా?"

"పక్కా సాబ్. కాలిన మట్టి కే నీచే మటకా" అన్నాను. కాలిన మట్టి కింద కుండ అని. నాకు వచ్చిన హిందీ అంతే.

ఆయన కోటు తీసి జీపు మనిషికిచ్చి, తాపీ అడిగి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. గొయ్యి లోపల నుంచి గోడను బెత్తెడు వెనక్కి, వెన్న తీసినట్టు, కోస్తూ పోయారు. మేమంతా పైన నిలబడ్డాం. ముందు కలిసిపోయిన బూడిద పోయింది, తర్వాత అసలు బూడిద పొర వచ్చింది. అబ్బాయి తాడు నుంచి స్కేలు పెట్టాడు. నేను చెప్పినదానికి ఒక వేలి తేడా. నడుమ మందం సరిపోయింది. ఎడమవైపు రాయి వెనకభాగం కనిపించింది, దాన్ని ఆనుకుని రెండోది. అప్ప నా భుజం నొక్కింది.

కుడివైపుకు వచ్చేసరికి ఆయన చెయ్యి నెమ్మదించింది. కుండ అంచులో మిగిలిన ముక్క బయటపడింది. పొద్దున్న నా ఒళ్ళో పడిన ముక్కను సంచీలోంచి తీయించి, విరిగిన చోట ఆనించి చూశారు. రెండూ అతికినట్టు కూర్చున్నాయి. అదే పెంకు. కానీ అది బూడిదలో ఉంది. కాలిన మట్టికి పైన. కింద కాదు.

ఆయన నా వైపు చూసి, వేలితో పైకి చూపించారు. నేను తల దించుకున్నాను.

తర్వాత అబ్బాయితో అన్నారు, మాకూ అర్థమయ్యేలా నెమ్మదిగా. ఈ కుండ ఎర్రమట్టికి కింద ఉంటే, పొయ్యి పెట్టకముందే ఇక్కడ కుండలున్నాయని అర్థం. మీద ఉంటే, ఆ పొయ్యి వెలిగించినవాళ్ళ కుండే అని అర్థం. నువ్వు గీతే గీసి ఉంటే, కుండ కింద ఉందన్న తప్పు కాగితం మీద నిజంలాగ ఉండిపోయేది. దాన్ని చూసి నేను రాసేవాణ్ణి, నన్ను చూసి ఇంకొకరు రాసేవారు. ఇంకా చాలా నెమ్మదిగా అన్నారు. "తెలియనిచోట తెలియదని పెట్టావు. మొదటి గుంటలో ఆ పనే చెయ్యలేదు నువ్వు."

అబ్బాయి పెన్సిలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చుక్కలు చెరపకు. ఇప్పుడు కనిపించింది దాని పక్కన గీతతో పెట్టు. పొద్దున్న అలికిందీ రాయి, అదీ ఒక పొరే. పని పూర్తయ్యాక సామాను కట్టుకో, నాతో రావాలి."

సామాను కట్టుకో అనేసరికి అప్పకు అయిపోయిందనిపించింది. చెంగు నోట్లో కుక్కుకుంది. నాతో రావాలి అన్న ముక్క ఆమె వినలేదు. నేనే చెవిలో చెప్పాను. "పంపీడం కాదప్పా, తీసుకెల్తన్నాడు."

మా సంగతి కూడా తేల్చారు. ఆ రోజు నుంచి అబ్బాయి రాకముందు గుంటలోకి ఎవరూ దిగకూడదు, కాపలాదారు ఇంకోసారి చలిమంట దగ్గర కనిపిస్తే పని పోతుంది. మమ్మల్ని మాత్రం మాన్పించలేదు. చెయ్యి తేలిగ్గా ఉన్నవాళ్ళు దొరకరని మేస్త్రీతో అన్నారట.

వెలుగుండగానే అబ్బాయి బొమ్మ పూర్తి చేశాడు. మమ్మల్ని పిలిచి చూపించాడు. అన్నిటికంటే పైన, నేల మీదా గోడ మీదా సన్నటి గీత ఒకటి, దాని పక్కన అంకె. మీ అలుకు అదే అన్నాడు. అప్ప దాన్ని చాలాసేపు చూసి, "అంత సన్నగా వేసినావేటే?" అంది నాతో. అబ్బాయి ఆ పూట అప్పుడే నవ్వాడు.

నెల తిరగకుండా ఆ గుంట పూడ్చేశారు. పూడ్చే మట్టి మేమే మోశాం. అతను పెద్దసారుతో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బస్తీకి వచ్చి, మా ఇంట్లో భోజనం చేసి, వాళ్ళమ్మకు కార్డు రాశానని చెప్పాడు. తర్వాత మళ్ళీ కనిపించలేదు. పెంకు సంగతి మాత్రం నన్ను వదలలేదు. పైన ఉందని నా కళ్ళముందే తేలింది. రెండు ముక్కలూ అతకడం చూశాను. అయినా ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కుండ అంచు నాకు ఎర్రమట్టి కిందే కనిపిస్తుంది. పైకి జరుపుదామంటే జరగదు.

సరే, చాలాసేపు కూర్చోబెట్టాను. మీ ఇంట్లో వండినది పదిమందికి సరిపోవాలి. మీ పిల్లలు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోవాలి. పనికి వెళ్ళిన మీ మనుషులు చెప్పిన వేళకు తిరిగి రావాలి. చల్లగా ఉండండి.